ఊడిపడ్డ బోల్టూ.. నీ ఊరేది?

వాకిలి ఊడుస్తుంటే చీపురుకు ఠంగుమని తగిలింది. చూస్తే బోల్టు! రెండు కణుపుల వేలంత పొడవు, ఒళ్లంతా మట్టి. మాది వనపర్తి పక్క పల్లె. వేపచెట్టు కింద ట్రాక్టరు, దాని పక్కన మోటారు సైకిలు, గోడకు ఆనించిన సైకిలు, మూలన బోరులోంచి పైకి తీసిన పాత మోటారు ఉన్నాయి. ఈ నలుగురిలో బోల్టు పోగొట్టుకున్నది ఎవరు? తేల్చాల్సింది మీరే! ఆధారాలు నేనిస్తాను. ఒక్కటే షరతు, దాన్ని తీసుకెళ్లి పాత ఇనుము డబ్బాలో వేయకూడదు.

మీకు తెలుసా? బోల్టు తన బలమెంతో తల మీదే రాసుకుని తిరుగుతుంది! తల తుడవండి. 8.8 అని ఉందా? మొదటి 8ని వందతో గుణించండి. చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు పడితే గానీ అది తెగదు. చుక్క తర్వాతి 8 అంటే, అందులో 80 శాతం దాకా ఎంత లాగినా వదిలేయగానే మళ్లీ మామూలైపోతుంది. ఆ పైన సాగితే సాగినట్టే. రెండంకెల్లో మొత్తం జాతకం!

ఆ జాతకాన్ని టన్నుల్లోకి మారుద్దామా? 10 మి.మీ. లావున్న 8.8 బోల్టు ఒక్కటి తెగాలంటే దాదాపు 4.7 టన్నులు వేలాడదీయాలి. మన దేశపు మగ ఏనుగు బరువు సుమారు 4 టన్నులు. చిటికెన వేలంత ఇనుప ముక్కకు గజరాజు వేలాడొచ్చు. ఏనుగు ఒప్పుకోవడమే తరువాయి!

10.9 కనిపిస్తే ఇంకా గట్టిది. 12.9 కనిపిస్తే దాని తలలో ఆరు పలకల గుంట కూడా ఉండే అవకాశం ఎక్కువ, అంటే అలెన్ కీతో తిప్పేది. అలాంటిది దొరికితే జాగ్రత్త. అంత బలమైన బోల్టును ఎవరూ ఊరికే పెట్టరు. అది లేకపోతే ఎక్కడో పెద్ద బరువే ఊగుతూ ఉంటుంది!

అంకెల బదులు తల మీద గీతలున్నాయా? అది అంగుళాల లెక్క బోల్టు, అమెరికా పద్ధతి. ఆ గీతల్లో ఒక తమాషా ఉంది, మీకు తెలుసా? మూడు గీతలుంటే 5వ గ్రేడు, ఆరుంటే 8వ గ్రేడు. గీతలు లెక్కపెట్టి రెండు కలపాలి! తలకు మించిన లెక్క తల మీదే ఉంది.

మన బోల్టు తల తుడిచాను. అంకెలు లేవు. గీతలు ఒకటి, రెండు, మూడు! గీతల సందుల్లో బూడిదరంగు పెయింటు. రాసుకోండి, ఇది మొదటి ఆధారం.

తల మీద ఏమీ లేకపోతే? అది మామూలు మెత్తటి బోల్టు. తలుపు గొళ్లేనికి బంగారం, ట్రాక్టరు చక్రానికి ప్రమాదం.

ఏ2-70 అని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు. అయస్కాంతం పెట్టి చూడండి, అంటీ అంటనట్టు ఉంటుంది. ఇనుములో పుట్టి ఇనుమును మరిచిన బోల్టు!

ఇప్పుడు భాషలోకి ఒక్క గెంతు. తెలుగులో 'మర' అంటే యంత్రం, 'మర' అంటే బోల్టు మీది మెలిక కూడా. ఈ సంగతి ఎప్పుడైనా గమనించారా? పిండిమరలోనూ అదే మాట, మరమేకులోనూ అదే మాట! బామ్మలు తీర్థయాత్రలకు పట్టుకెళ్లిన మరచెంబు గుర్తుందా? మూత తిప్పితే బిగిసేది, తలకిందులు చేసినా చుక్క కారేది కాదు. ప్లాస్టిక్ సీసా పుట్టకముందే మన సంచిలో మరమూత ఉంది.

మెకానిక్కు షెడ్డులో మాత్రం మరను 'చూడీ' అంటారు. హిందీలో చూడీ అంటే గాజు. ఒక్కో బోల్టుకు చేతినిండా గాజులు! అక్కడే వినపడే ఇంకో మాట 'సూత్'. నాలుగు సూత్‌ల బోల్టు అంటే అర అంగుళం, ఎందుకంటే సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ మాటకు అసలర్థం? నూలు దారం! అంటే కొలతకు దారం పేరు, మరకు గాజు పేరు. నట్టు బోల్టుల దుకాణం కాదది, పెళ్లివారి దుకాణం.

పెళ్లి అన్నాం కాబట్టి గద్వాల చీర సంగతి చెప్పకుండా ఎలా? ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు. రెండు వేర్వేరు జాతుల దారాలను ఒకే చీరలో విడదీయలేనంతగా కలిపేస్తారు గద్వాల నేతగాళ్లు. బోల్టుల లోకంలో మాత్రం రెండు రకాల చూడీలు జన్మలో కలవవు. కలపాలని చూస్తే రెండూ చెడతాయి!

కొలవడానికి ఇంట్లో వెర్నియర్ లేదా? జేబులో చెయ్యి పెట్టండి. 10 రూపాయల నాణెం అడ్డంగా సరిగ్గా 27 మి.మీ. ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ., మందం 0.76 మి.మీ. ప్రపంచంలో ఏ బ్యాంకు కార్డైనా ఇదే కొలత. డబ్బు లేకపోయినా కార్డుతో పని జరిగే చోటు ఇదొక్కటే!

చూడీని కొలవడం ఇంకా తేలిక. పది చూడీల పొడవు కొలిచి పదితో భాగించండి. 8 మి.మీ. బోల్టుకు మామూలుగా 1.25 మి.మీ. వస్తుంది. 10 మి.మీ. దానికి 1.5, 12 మి.మీ. దానికి 1.75. పాత బడి ఎక్కంలా వరుసగా పావు పావు పెరుగుతూ పోతాయి. ముచ్చటగా లేదూ?

ఇక అసలు మాయ చూడండి. అంగుళాల్లో 5/16 బోల్టు లావు 7.94 మి.మీ. దాని పక్కింటి కవల 8 మి.మీ. తేడా 0.06 మి.మీ. మీరు చదివే మామూలు తెల్ల కాగితం మందం కన్నా తక్కువ! కంటికి దొరకదు, గోటికి దొరకదు. నట్టుకు మాత్రం ఇట్టే దొరికిపోతుంది. రెండు చుట్లు సాఫీగా వెళ్లి, మూడో చుట్టులో మొరాయిస్తుంది. అక్కడ ఆగండి. బలం చూపిస్తే చూడీలు పోతాయి.

మన బోల్టుకు 8 మి.మీ. నట్టు ఎక్కించాను. ఒకటి, రెండు.. ఆగిపోయింది! అంగుళం పొడవులో చూడీలు లెక్కపెట్టాను, పద్దెనిమిది వచ్చాయి. అంటే ఇది అచ్చమైన 5/16 ముతక చూడీ. రెండో ఆధారం దొరికింది.

మోటారు సైకిలు పోటీ నుంచి అవుట్! జపాన్ వారసత్వపు బండ్లన్నీ మిల్లీమీటర్లలో మాట్లాడతాయి. వాటిని గుర్తుపట్టే ఇంకో గుట్టు చెప్పనా? స్టార్ స్క్రూ తల మీద గాడి పక్కన చిన్న చుక్క ఉంటే అది జపాన్ పద్ధతి స్క్రూ. మామూలు స్టార్ స్క్రూడ్రైవరు దాన్ని కొరికి పాడుచేస్తుంది. ఒక్క చుక్క చూసుకోనందుకు ఎన్ని కార్బొరేటర్ స్క్రూలు బలైపోయాయో!

సైకిలు కూడా అవుటే. పాత ఇంగ్లీషు సైకిలు చూడీలు చాలావరకు అంగుళానికి 26. అంత సన్నం! పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇరవై ఆరేళ్ల అన్న చొక్కా వేసుకున్నట్టే ఉంటుంది.

మరి దేశమంతా మీటరు, కిలో లెక్కకు మారి అరవై ఏళ్లు దాటినా ఈ అంగుళాల బోల్టు మా వాకిట్లోకి ఎలా వచ్చింది? తూనికలు కొలతల చట్టం వచ్చింది 1956లో. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కానీ మన పొలాల్లో ట్రాక్టర్ల పుట్టుక చూడండి. మహీంద్రా 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో జతకట్టింది. టాఫే మాసీ ఫెర్గూసన్ నమూనాలు పట్టుకుంది. ఆ తాతల బోల్టులు అంగుళాలవి. మనవడు తెలంగాణలో దున్నినా తాత కొలత పోలేదు! ఒకే ట్రాక్టరులో ఒక పక్క అంగుళం, ఇంకో పక్క మిల్లీమీటరు కనిపిస్తే కంగారు పడకండి.

బోల్టులకు మొదటి ప్రమాణం రాసింది ఎవరో తెలుసా? ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్, 1841లో. అంతకుముందు ఒక్కో కార్ఖానాకు ఒక్కో చూడీ. పక్క వీధిలో చేసిన నట్టు ఈ వీధి బోల్టుకు ఎక్కేది కాదు! ఆయన చూడీ పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు పెట్టాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. ఆ ఐదు డిగ్రీల పట్టుదల 84 ఏళ్లు సాగింది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. గెలిచింది 60. రెండు ప్రపంచ యుద్ధాలు ముగిశాక గానీ నట్లూ బోల్టులూ రాజీ పడలేదు!

ఆ పాత తగాదాలో ఒక విడ్డూరం మిగిలిపోయింది. పావు అంగుళం బోల్టుకు ఇద్దరూ 20 చూడీలే పెట్టారు. 3/8కి ఇద్దరూ 16. 5/8కి ఇద్దరూ 11. ఒక్క అర అంగుళం దగ్గర మాత్రం ఇంగ్లీషువాడు 12, అమెరికావాడు 13. అన్నీ కలిసి ఒక్కటి కలవకపోవడం! నాలుగు సూత్‌ల బోల్టు సగం ఎక్కి ఇరుక్కుందంటే, అది మీ చేతి తప్పు కాదు, ఆ ఒక్క చూడీ తప్పు.

చూడీలు కలవకపోతే ఊరే తగలబడుతుంది. అతిశయోక్తి కాదు! 1904 ఫిబ్రవరి 7న అమెరికాలోని బాల్టిమోర్‌లో మంటలు లేచాయి. వేరే ఊళ్ల నుంచి ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. నీళ్లున్నాయి, మనుషులున్నారు, గొట్టాలున్నాయి. కానీ గొట్టం చూడీలు ఆ ఊరి నీటి కుళాయిలకు ఎక్కలేదు! 30 గంటలు మండి 1,500కు పైగా భవనాలు పోయాయి. తర్వాత లెక్క తీస్తే దేశంలో 600కు పైగా రకాల గొట్టపు చూడీలున్నట్టు తేలింది. గుండె గుభేలుమనలేదూ?

ప్రపంచం చాలావరకు మిల్లీమీటరుకు మారినా మారనిది ఒకటి మీ ఊరి ఫొటో స్టూడియోలోనే ఉంది. కెమెరాను ముక్కాలి స్టాండుకు బిగించే స్క్రూ. నాగర్‌కర్నూల్‌లోనైనా, జపాన్‌లోనైనా అది పావు అంగుళమే, అంగుళానికి 20 చూడీలే. జపాన్ కెమెరా, చైనా స్టాండు, ఇంగ్లీషు స్క్రూ, తెలుగు పెళ్లి!

పాత రేడియోలోంచి చిన్న స్క్రూ ఊడిందా? అది బి.ఏ. అనే పాత ఇంగ్లీషు జాతిది కావచ్చు. దీని లెక్క వింటే నవ్వొస్తుంది. నంబరు పెరిగితే స్క్రూ తగ్గుతుంది! సున్నా నంబరు లావు 6 మి.మీ., 2వ నంబరు 4.7 మి.మీ. కోణం 47న్నర డిగ్రీలు. పైగా అంగుళాల దేశమైన ఇంగ్లండు దీన్ని కొలిచింది మిల్లీమీటర్లలో!

అన్నిటికన్నా చిన్నది? చేతి గడియారాల్లోని స్క్రూలకు ప్రమాణాలు 0.3 మి.మీ. లావు నుంచే మొదలవుతాయి. మూడు నాలుగు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే అంతే. అది కింద పడితే ఊపిరి బిగబట్టి వెతకాలి. తుమ్మితే ఆట ముగిసినట్టే!

ఇప్పుడు చెప్పబోయేది కుర్చీ పట్టుకుని వినండి. బోల్టును కంటితో పోల్చి తెచ్చిన కథ ఇది.

1990 జూన్ 10. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం లేచింది. 81 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. 17,300 అడుగుల ఎత్తులో పెద్ద శబ్దం. పైలట్ ముందున్న అద్దం ఎగిరిపోయింది! దాంతోపాటు కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. లోపలున్న సిబ్బంది కాళ్లు పట్టుకుని వేలాడారు. కోపైలట్ అలస్టేర్ అచిసన్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అంతసేపు విమానం బయట వేలాడిన కెప్టెన్ ఏమయ్యాడు? బతికాడు! ఐదు నెలలు తిరక్కుండానే మళ్లీ విమానం నడిపాడు.

ఏం జరిగింది? అంతకు 27 గంటల ముందే ఆ అద్దం మార్చారు. దానికి 90 బోల్టులు. అందులో 84 బోల్టుల లావు కావాల్సినదాని కన్నా 0.66 మి.మీ. తక్కువ. మిగిలిన ఆరు లావు సరిపోయాయి గానీ పొడవు చాలలేదు. సరైన బోల్టు ఒక్కటంటే ఒక్కటి లేదు!

ఆ బోల్టులు ఎలా ఎంచారో తెలుసా? ఊడదీసిన పాత బోల్టును చేత పట్టుకుని, మసక వెలుతురులో అరల ముందు నిలబడి, కంటితో పోల్చి! పుస్తకం తీసి నంబరు చూసి ఉంటే రెండు నిమిషాల పని. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, నమూనాగా పట్టుకెళ్లిన ఆ పాత బోల్టే తప్పు బోల్టు! పొడవు తక్కువ. నాలుగేళ్లుగా అలాగే నెట్టుకొచ్చింది. అందుకే బోల్టునే కాదు, అది దిగే రంధ్రాన్ని కూడా అడగాలి. నాకు ఈ కథ విన్నప్పటి నుంచి హార్డ్‌వేర్ దుకాణంలో "ఇంచుమించు ఇదే" అన్న మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది.

బోల్టే లేకపోతే? 2003 సెప్టెంబరు 6న కాలిఫోర్నియాలో ఒక వాతావరణ ఉపగ్రహాన్ని బండి మీద వంచుతుంటే ధడేలుమని నేల మీద పడింది. దాన్ని పట్టి ఉంచాల్సిన 24 బోల్టులు అసలు పెట్టనే లేదు! మరమ్మతు ఖర్చు 13.5 కోట్ల డాలర్లు. ఒక్కో బోల్టు వెల 56 లక్షల డాలర్లు పడింది. అయినా ఆ ఉపగ్రహం గట్టిపిండమే, 2009లో ఆకాశానికి ఎగిరింది.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో తలుపు స్థానంలోని పలక ఊడిపోయింది. లేని బోల్టులు నాలుగు. ఆ పలక దొరికింది ఎక్కడనుకున్నారు? పోర్ట్‌లాండ్‌లో ఒక బడి పంతులు ఇంటి పెరట్లో! మన వాకిట్లో బోల్టు దొరికితే గొప్ప అనుకున్నాం.

ఇంకా పైకి పోదాం. 2006 సెప్టెంబరులో అంతరిక్ష కేంద్రం దగ్గర పనిచేస్తుండగా వ్యోమగామి జో టానర్ చేతిలోంచి ఒక బోల్టు, స్ప్రింగు, వాషరు జారిపోయాయి. అక్కడ జారిన వస్తువు కింద పడదు, గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతుంది. చీపురుకు తగిలే ఆశ లేదు!

నేల మీదికి, గద్వాల జంక్షన్‌కు వచ్చేద్దాం. పట్టాల పక్కన మెలికలు తిరిగిన లావుపాటి ఇనుప వంకీ ఎప్పుడైనా చూశారా? బోల్టు చేసే పని అదే చేస్తుంది, కానీ దానికి మరా లేదు, నట్టూ లేదు. నార్వేకు చెందిన పెర్ పాండే రోల్ఫ్‌సెన్ 1950లలో కనిపెట్టిన జాతి అది. సుత్తితో కొడితే ఎక్కుతుంది, స్ప్రింగులా పట్టేస్తుంది. అది ఊడి కనిపిస్తే జేబులో వేసుకోకండి! రైల్వే ఆస్తి దగ్గర ఉంచుకోవడం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. రోజూ పట్టాల వెంట నడిచే కీమ్యాన్‌కు చెప్పండి. అతని ఉద్యోగమే అది, మైళ్లకు మైళ్లు నడుస్తూ ఊడినదాన్ని వెతకడం!

కరెంటు టవరు కాళ్ల దగ్గరి బోల్టులను గమనించారా? కొన్నిటికి పానా పట్టే తలే ఉండదు. బిగించేదాకా ఉంటుంది, బిగిశాక విరిగి ఊడిపోతుంది. దొంగ వస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. తల తీసేసి ఇల్లు కాపాడే బోల్టు!

కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పంపులున్నాయి. 2023 సెప్టెంబరు 16న మొదటిసారి కృష్ణా నీళ్లు ఎత్తాయి. ఒక్కో మోటారు 145 మెగావాట్లు. మన బోరు బావుల 5 హెచ్‌పీ మోటార్లు ఎన్ని కలిస్తే ఒక్కటవుతుందో లెక్క కట్టారా? దాదాపు 39,000! ఆ మోటారును పునాదికి పట్టి ఉంచే బోల్టు మా వాకిట్లో పడితే చీపురు కాదు, క్రేను తేవాలి.

బోల్టు కాకపోయినా దాని బంధువే, గొలుసు లింకు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 33 గేట్లకు గాను 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది! రాజోలిబండ కాలువ మీద బతికే అలంపూర్ రైతుల గుండెలు జారిపోయాయి. అంత ప్రవాహంలో స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక గేటు దించడానికి వచ్చింది మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు. వారం రోజుల్లో నీళ్లు ఆపారు. ఉరుకుతున్న నదిలో తలుపు బిగించడం! చేతులెత్తి దండం పెట్టాలి.

బోల్టు అసలెందుకు ఊడుతుంది? లాగితే అనుకుంటాం. కాదు! 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చింది ఏమిటంటే, నిలువు లాగుడు కన్నా అడ్డం ఊపుడే బోల్టుకు శత్రువు. అటూ ఇటూ ఊపుతూ ఉంటే ఎంత బిగించిన నట్టైనా తనంతట తనే తిరుక్కుంటూ వచ్చేస్తుంది. గుంతల దారి మీద ట్రాలీ ఎలా వెళ్తుందో ఒకసారి ఊహించుకోండి. యుంకర్ ప్రయోగశాల మన ఊరి దారే!

ఊడకుండానూ, ఇంకొన్ని అవసరాలకూ ఉల్టా చూడీ పెడతారని మీకు తెలుసా? సైకిలు ఎడమ పెడల్ ఉల్టా చూడీ. చాలా యమహా బండ్లకు కుడి అద్దం కాడ ఉల్టా చూడీ. టేబుల్ ఫ్యాను రెక్కల ముందు బిగించే మూత ఉల్టా చూడీ. వెల్డింగు షాపులో అసిటిలీన్ గ్యాసు నట్టు కూడా ఉల్టానే, పైగా గుర్తు కోసం దాని అంచుల మీద గాట్లు పెడతారు. గ్యాసు గొట్టం పొరపాటున ఆక్సిజన్‌కు ఎక్కకుండా! ప్రాణం కాపాడే గాటు.

ఉల్టానో సీదానో తేల్చడానికి రెండు క్షణాలు చాలు. బోల్టును నిలబెట్టి చూడండి. చూడీలు కుడివైపుకు ఎక్కుతుంటే సీదా, ఎడమవైపుకు ఎక్కుతుంటే ఉల్టా. మెట్లెక్కినట్టే!

పానాలు కూడా సాక్ష్యం చెబుతాయి. 10 మి.మీ. బోల్టు తలకు పాత జర్మన్ పద్ధతిలో 17 పానా, అంతర్జాతీయ పద్ధతిలో 16, జపాన్ పద్ధతిలో 14. ఒంటి లావు ఒకటే, మూడు దేశాల్లో మూడు తలలు! పాత చేతక్ స్కూటరు ఇంజనుకైతే 7 మి.మీ. బోల్టు, 11 పానా. వేరే ఎక్కడా అంతగా కనిపించని జోడీ. అది దొరికితే కళ్లు మూసుకుని స్కూటరు పేరు చెప్పేయొచ్చు.

మన బోల్టుకు 12 పానా దిగలేదు. 13 దిగింది గానీ కాస్త ఆడింది. అవును మరి, దాని తల అర అంగుళం, అంటే 12.7 మి.మీ.! మూడో ఆధారం కూడా అంగుళాలకే ఓటు వేసింది.

బోరు మోటారు సంగతేమిటి? పాలమూరు బోరు నీళ్లలో నానిన బోల్టుకు చూడీల సందుల్లో తెల్లటి పొర గట్టిపడుతుంది, కొళాయికి పట్టినట్టే. మనదానికి తెలుపు లేదు. నల్లటి నూనె మడ్డి ఉంది. మోటారు కూడా అవుట్!

ఆకారం చూసి ఇల్లు చెప్పే ఆట తెలుసా? తల గుండ్రంగా నున్నగా, మెడ చదరంగా ఉంటే కర్రలోకి దిగేది. ట్రాలీ అడుగు పలకలో, పందిరి మంచంలో వెతకండి. కొసన అడ్డంగా చిన్న బెజ్జం ఉంటే అందులో పిన్ను పడేది, ఇరుసు దగ్గర వెతకండి. కొక్కెంలా వంగి ఉంటే పైకి చూడండి, ఇంటి రేకులది! ఎడ్లబండి దగ్గర మాత్రం వెతకొద్దు. చక్రం జారకుండా ఇరుసు చివర దిగ్గొట్టేది వట్టి ఇనుప చీల. మర లేకుండా తరాల తరబడి పంటను ఇంటికి చేర్చిన మొనగాడు!

ఇంకో గుట్టు. చూడీలు లేని నున్నటి మెడ భాగం ఎంత పొడవుందో చూస్తే, ఆ బోల్టు ఎంత మందమున్న వస్తువును పట్టుకుందో ఇంచుమించు తెలిసిపోతుంది. మనిషి మెడ చూసి ఎంత బరువు మోశాడో చెప్పినట్టు!

ఇలాంటి కొలతలన్నీ ఒక తరం పిల్లలు రాజభవనంలో నేర్చుకున్నారంటే నమ్ముతారా? వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. దర్బారు నడిచిన గోడల మధ్య నట్లూ బోల్టులూ. రాజయోగం పట్టింది బోల్టులకే!

సరే, మన బోల్టు దగ్గరికి. మిగిలింది ట్రాక్టరు ఒక్కటే. కానీ ట్రాక్టరులో ఎక్కడ? వందల బోల్టులున్నాయి! పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. మెకానిక్కు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ముతక చూడీ అన్నా. నట్టుకు కాదు, సీదా పోత ఇనుములకే దిగుతది. ఇంజను మీదిదే. రంగు జూడు, బూడిదరంగు. ఇగ ఈ రాపిడి జూడు."

చూశాను. తల కింద ఒక పక్క మాత్రమే నెలవంకలా తళతళలాడుతోంది. మిగతా సగం నల్లగా ఉంది. ఎందుకో మీరు చెప్పగలరా? ఐదు క్షణాలు ఇస్తున్నాను.

"పొడుగు గాడి ఉన్న పట్టీ మీద కూర్చున్న బోల్టు ఇది. అటీటు జరిపి బిగించేది. పొద్దున బండి స్టార్ట్ అయితే ఫ్యాన్ బెల్టు కీచుమంటుందా?"

నోరు తెరిచాను. నాలుగు రోజుల నుంచి కీచుమంటోంది! పెద్దనాయన ఇంజనుకు ఆయిలు తక్కువైందని, నేను బెల్టు పాతబడిందని వాదించుకుంటున్నాం. బ్యాటరీ కూడా రెండు పొద్దులు మొండికేసింది. ఇద్దరం తప్పే! డైనమోను లాగి బెల్టును బిగుతుగా ఉంచే పట్టీ బోల్టు ఊడి వాకిట్లో పడుకుంది.

ఇంటికి పరుగు. బానెట్ ఎత్తితే పట్టీ గాడి ఖాళీగా వెక్కిరిస్తోంది. బోల్టును పెట్రోలుతో కడిగి వేళ్లతోనే తిప్పాను. మొదటి చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు.. ఎక్కడా ఆగలేదు! వెన్నలోకి దిగినట్టు చివరిదాకా దిగింది. బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, స్ప్రింగు వాషరు వేసి, పానాతో బిగించి తాళం తిప్పాను. కీచు లేదు! పెద్దనాయన చెవి దగ్గరపెట్టి విన్నాడు, తల ఊపాడు, తర్వాత మెల్లగా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇది గూడ మొన్న మంచం కింద దొరికిందిరా. ఎవనిదో చెప్పు."

అరచేతిలో చిన్న ప్లాస్టిక్ మూత, లోపల మర. నిలబెట్టి చూస్తే చూడీలు ఎడమవైపుకు ఎక్కుతున్నాయి. మీరు చెప్పండి చూద్దాం! జవాబు ఈ పేజీలోనే ఉంది.